పరిశోధన వ్యాసానికి అంశం ఎలా ఎంచుకోవాలి: నల్లగొండ, పాలమూరు విద్యార్థుల కోసం

"ఏదైనా ఒక అంశం మీద పరిశోధన చేసి పెద్ద వ్యాసం రాసుకురండి" అని సారు చెప్పగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీసి వెతకడం. పది నిమిషాల్లో ఒక పేరు దొరుకుతుంది. గ్లోబల్ వార్మింగ్, సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు, మహిళా సాధికారత, ఇలాంటివే. ఆ పేరు పైన రాసుకుని పని మొదలుపెడతారు. వారం తిరిగేసరికి అక్కడో పేరా, ఇక్కడో పేరా ఎత్తి అతికించిన కాగితాలు చేతిలో ఉంటాయి. అవి ఎన్నిసార్లు చదివినా రాసిన పిల్లలది ఏ ఊరో, వాళ్లు ఏం చూశారో, ఏం ఆలోచించారో తెలియదు.

తొమ్మిది, పది తరగతుల ప్రాజెక్టు పని అయినా, ఇంటర్‌లో రాయించే పెద్ద వ్యాసమైనా, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూళ్లలో డిప్లొమా పిల్లలు రాసే 4,000 పదాల ఎక్స్‌టెండెడ్ ఎస్సే అయినా చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అంశం కుదిరితే సగం పని అయిపోయినట్టే. కుదరకపోతే ఎంత కష్టపడ్డా ఊకదంపుడే.

మన జిల్లాల పిల్లలకు అంశాల కరువు లేదు. ఉన్న ఇబ్బంది ఏమిటంటే, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, మన ఊళ్లో ఉన్నది పరిశోధనకు తగినది కాదని మనమే అనుకుంటాం. ముందు ఆ ఆలోచన పక్కన పెట్టండి. తర్వాత ఈ వరుసలో పని చేయండి.

మొదటి పని: వారం రోజులు ప్రశ్నలు రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. అందులో అంశాల పేర్లు వద్దు. మీకు అర్థం కానివి, వింతగా తోచినవి, ఇంట్లో పెద్దవాళ్లు వాదించుకున్నవి మాత్రమే రాయండి. ప్రతి వాక్యం చివర ప్రశ్నార్థకం ఉండాలి. మంచి ప్రశ్నా, పిచ్చి ప్రశ్నా అని ఇప్పుడే తేల్చకండి.

హాలియా, మిర్యాలగూడ వైపు ఉన్నవాళ్లైతే: సాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందు మా పొలంలో ఏం పండేది? నారాయణపేట, మక్తల్ వైపు వాళ్లైతే: ఒకప్పుడు బొంబాయి, పుణె పోయిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు పనికి ఎక్కడికి పోతున్నారు? గద్వాల చీరకు ఒడలు నూలుతోనూ, అంచూ కొంగూ పట్టుతోనూ నేసి రెండింటినీ ఎలా కలుపుతారు, ఆ పని ఇప్పుడు ఎంతమందికి వచ్చు? మా బత్తాయి తోటను నాన్న ఎందుకు తీసేశాడు? మా చెరువు చివరిసారి ఎప్పుడు అలుగు పారింది? అచ్చంపేట దగ్గర చెంచుల పెంటల్లో (అడవిలోని వాళ్ల చిన్న గూడేల్లో) పిల్లలు బడికి ఏ దారిన వస్తారు? మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు కట్టి చెదల మందు ఎక్కించారు కదా, ఆ చెట్టు ఇప్పుడు ఎలా ఉంది?

ఎవరో అన్న మాట మనసుకు గుచ్చుకుంటే దాన్నీ రాసుకోండి. గొప్ప పరిశోధనలు అలా కూడా పుడతాయి. తెలంగాణలో కవులే లేరన్నట్టు ఒకరు రాసిన మాట సురవరం ప్రతాపరెడ్డి గారికి గుచ్చుకుంది. నిజంగా లేరా? ఆయన కోపంతో జవాబు రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 354 మంది కవులను ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయన మన గద్వాల ప్రాంతం మనిషి. మీ ఊరి గురించో, మీ బడి గురించో, మీ భాష గురించో ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే, "అది నిజమేనా, ఎలా తెలుసుకోవచ్చు?" అని ఆ నోట్‌బుక్‌లో ఒక వాక్యం పడాలి.

వారం చివర్లో పాతిక ప్రశ్నలు ఉంటే చాలు. అందులో మళ్లీ మళ్లీ మీ మనసు పోయే రెండు మూడింటి కింద గీత పెట్టండి. స్నేహితులు ఏం తీసుకున్నారో చూసి మార్చుకోకండి. నెల రోజులు దానితో కూర్చోవాల్సింది మీరు.

రెండో పని: పేరును ప్రశ్నగా మార్చండి

అసలు పని ఇదే. ఇక్కడ ఎంతసేపు కూర్చుంటే అంత మంచిది.

నల్లగొండ జిల్లాలో ఏ బడికి పోయినా ఇద్దరు ముగ్గురు పిల్లలు "ఫ్లోరైడ్ సమస్య" అని రాసి తెస్తారు. అంశం మంచిదే, మన జిల్లా ఎంతో బాధపడిన విషయం. కానీ "ఫ్లోరైడ్ సమస్య" అంటే ప్రశ్న ఏది? గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగుతుందో రాస్తారా? లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఎందుకన్నారో రాస్తారా? నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లు శుభ్రం చేసే నల్లగొండ టెక్నిక్ గురించా? ఎముకలు వంగిపోయిన వాళ్ల బతుకుల గురించా? అన్నీ కలిపి రాస్తే ప్రతిదానికీ ఒక్కో పేరా వస్తుంది, దేనికీ లోతు రాదు.

దీన్ని తగ్గించుకుంటూ రండి. మొదట చోటు: జిల్లా మొత్తం వదిలేసి మీ మండలం, మండలం వదిలేసి మీ ఊరు, వీలైతే మీ వాడ. తర్వాత కాలం: మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక. తర్వాత మనుషులు: వంటకూ తాగడానికీ నీళ్లు తెచ్చుకునే ఇంటివాళ్లు. ఇక చివరగా, మిమ్మల్ని నిజంగా తికమక పెట్టే విషయం ఏమిటి? ఇంటింటికీ నల్లా ఉంది, అయినా పొద్దున్నే జనం ఇరవై లీటర్ల క్యాన్లు బండికి కట్టుకుని, నీళ్లు శుద్ధి చేసి అమ్మే ప్లాంటుకు పోతున్నారు. ఇప్పుడు ప్రశ్న ఇలా వస్తుంది:

"నల్లా నీళ్లు ఇంటికి వస్తున్నా మా వాడలో చాలామంది తాగడానికి ప్లాంటు నీళ్లే ఎందుకు కొంటున్నారు?"

ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడా అచ్చయి లేదు. ఏఐని అడిగినా మీ వాడ సంగతి చెప్పలేదు. నలభై ఇళ్లు తిరిగితే మీకు తెలుస్తుంది. నీళ్లు వచ్చే వేళ కుదరకా, మందు వాసన వస్తుందనా, రుచి సరిపోకా, ఫ్లోరైడ్ రోజుల నుంచి మిగిలిపోయిన భయమా, పక్కింటివాళ్లు కొంటున్నారనా? ఒక్కో కారణం ఎన్ని ఇళ్లలో వినిపించిందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క వెనక రసాయన శాస్త్రమూ ఉంటుంది, చరిత్రా ఉంటుంది, ఇంటి ఖర్చూ ఉంటుంది. ఫ్లోరైడ్ గురించి చదివినదంతా అప్పుడు వ్యాసంలో తన చోట తాను కూర్చుంటుంది.

చోటు, కాలం, మనుషులు, తికమక. ఏ అంశమైనా ఈ నాలుగూ అడుగుతూ తగ్గించండి. "పాలమూరు వలసలు" అన్న పేరు ఒక జీవితకాలం చదివినా తరగనంత పెద్దది. "మా తండా నుంచి వలస పోయే కుటుంబాలు పిల్లలను ఎవరి దగ్గర వదిలి పోతున్నాయి, పదేళ్ల కిందటికీ ఇప్పటికీ ఏం తేడా వచ్చింది?" అన్నది నెల రోజుల్లో అయ్యే పని.

అవును, కాదు అని ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్న పెట్టుకోకండి. "చేనేత కష్టాల్లో ఉందా?" అంటే అందరికీ తెలిసిన జవాబే వస్తుంది. ఎందుకు, ఎలా, ఏ మేరకు అని అడిగితే వ్యాసం కదులుతుంది.

మూడో పని: ఆధారం చేతికి అందుతుందో లేదో చూడండి

ప్రశ్న బాగుంది అనుకున్నాక ఒక కాగితం తీసి రెండు గళ్లు గీయండి. ఎడమవైపు నేను కలవగలిగిన మనుషులు, కుడివైపు నాకు దొరికే కాగితాలు. రెండు గళ్లలోనూ కనీసం మూడేసి పేర్లు పడాలి. ఒక గడి పూర్తిగా ఖాళీగా ఉంటే ఆ ప్రశ్నను మార్చడమే మేలు.

మనుషుల గడిలో పెద్ద పదవులు రాయనక్కర్లేదు. ఊరి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి), ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి, నీళ్లు వదిలే మనిషి, మగ్గం మీద కూర్చునే మామ, కూలి పనులకు మనుషులను తీసుకుపోయే గుంపు మేస్త్రీ, మీ నాయనమ్మ. వీళ్లకు తెలిసినంత ఇంటర్నెట్‌కు తెలియదు.

కాగితాల విషయంలో పిల్లలకు చాలా సంగతులు ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు, స్థానిక చరిత్ర పుస్తకాలు అడగండి. అక్కడి ఉద్యోగికి మీ ప్రశ్న చెబితే మీరు ఊహించని పుస్తకం తీసి ఇవ్వవచ్చు. కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం ఉంటుంది, అందరూ సీపీవో ఆఫీసు అంటారు. జిల్లా గణాంకాల పుస్తకం ఉండేది అక్కడే. 2011 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లో ఊరి వారీగా జనాభా, బడులు, తాగునీటి వసతి లాంటివి ఉంటాయి, నెట్‌లోనే దొరుకుతుంది. వ్యవసాయ శాఖ దగ్గర పంటల విస్తీర్ణం లెక్కలు ఉంటాయి. ఎక్కడా దొరకని లెక్క కావాలంటే ఇంట్లో పెద్దవాళ్ల పేరుతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. అయితే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, మీ వ్యాసం గడువు అంతకన్నా ముందే ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి.

లెక్కలు పోల్చేటప్పుడు ఒక పెద్ద గుంత ఉంది, మన రెండు జిల్లాల పిల్లలు తప్పకుండా గుర్తుంచుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ అంటే సూర్యాపేట, భువనగిరి కూడా కలిసిన పాత జిల్లా. మహబూబ్‌నగర్ అంటే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట అన్నీ కలిసినది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిపోయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. 2011 నాటి మహబూబ్‌నగర్ అంకెను ఇప్పటి మహబూబ్‌నగర్ అంకె పక్కన పెట్టి "జనాభా పడిపోయింది" అని రాస్తే వ్యాసమంతా తప్పవుతుంది. అందుకే వీలైనంతవరకు ఊరి లెక్కలే పోల్చండి. మండలం లెక్క తీసుకుంటే ఆ మండలంలోని ఊళ్లు అప్పుడూ ఇప్పుడూ అవేనా అని చూసుకోండి.

నాలుగో పని: వదిలేయాల్సినవి వదిలేయండి

సాయుధ పోరాటం మొత్తం రాస్తానని కొందరు వస్తారు. 1946 నుంచి 1951 దాకా నడిచిన పోరాటం, ఎందరో రాశారు, ఒక హైస్కూలు వ్యాసంలో పట్టదు. అయితే మీ ఊళ్లో ఆ రోజుల గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఒక సంఘటన ఉంటే అది పడుతుంది. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. ఆ ప్రశ్న మీ మనసులో ఉంటే ఆలస్యం చేయకండి, వ్యాసం గడువు దూరంగా ఉన్నా ఈ ఆదివారమే పోయి కూర్చుని వినండి.

భూముల తగాదాల్లోకి వెళ్లవద్దు. పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అక్కడ మొదలైంది. చక్కని అంశం. కానీ ఫలానా భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని ఒక పదో తరగతి పిల్ల పాస్‌బుక్కులు అడుగుతూ తిరిగితే ఇంటి మీదికి గొడవ వస్తుంది. "భూదానం గురించి మా ఊళ్లో తాతల తరానికీ, నాన్నల తరానికీ, మా తరానికీ ఏం తెలుసు?" అని అడిగితే అదే చరిత్ర ఇంకో వాకిలి నుంచి తెరుచుకుంటుంది.

అలాగే, ఆత్మహత్య జరిగిన రైతు ఇంటికి ప్రశ్నల కాగితం పట్టుకుని పోకండి. మార్కుల కోసం రాసే వ్యాసానికి ఒక తల్లి చేత ఆ రోజు సంగతి మళ్లీ చెప్పించడం తగదు. అప్పుల గురించి, పంట నష్టం గురించి రాయాలని ఉంటే ఎరువుల దుకాణం, సహకార సంఘం, బీమా వివరాల వైపు నుంచి రండి. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల ఫొటోలు తీసేటప్పుడూ ఇదే మర్యాద పాటించండి. ముందు అడగాలి, వద్దంటే ఊరుకోవాలి.

సైన్స్ ఇష్టమైన వాళ్లు "ఇవన్నీ సోషల్ వాళ్లకే" అనుకోవద్దు. నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా కనిపిస్తుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతున్నాడు, లోపల నీడ మాత్రం అక్కడే. నెట్‌లో వివరణలు ఉన్నాయి, వాటిని చదివి అప్పజెప్పడం పరిశోధన కాదు. ఒక సెలవు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి నీడ అంచులు, దాని గాఢత, మండపంలోకి వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో పుస్తకంలో గీసుకోండి. ఇంటికి వచ్చి అట్టపెట్టెతో గుడి నమూనా చేసి, కిటికీలకూ గుమ్మానికీ సరిపడా కంతలు పెట్టి, టార్చి లైటును బయట తిప్పి చూడండి. సూర్యుడి వెలుగు సూటిగా పడితే నీడ ఎలా ఉంటుంది, గోడలకూ నేలకూ తగిలి చెదిరి వచ్చే వెలుగుతో ఎలా ఉంటుంది? ఒక్కో కంత మూసి చూస్తే తెలుస్తుంది. వందల ఏళ్ల కిందటి శిల్పుల తెలివి మీద ఇంతకన్నా గౌరవంగా రాసే దారి నాకు తెలియదు.

ఐదో పని: రెండు రోజులు రుచి చూడండి

అంశం ఖాయం చేసుకునే ముందు చిన్న పరీక్ష పెట్టండి. ముగ్గురు మనుషులతో మాట్లాడండి, ఒక్క కాగితం సంపాదించండి. దారి ఉందో మూసుకుపోయిందో ఇందులోనే తెలిసిపోతుంది.

మాట్లాడే తీరు మీదే చాలా ఆధారపడి ఉంటుంది. నీళ్ల ప్రశ్నే తీసుకుందాం. "తాతా, నల్లా నీళ్లు మంచిగుంటయా?" అని అడిగితే "ఆ, మంచిగనే ఉంటయి బిడ్డా" అంటాడు. మీకు మర్యాదగా జవాబు చెప్పాడు, అంతే, మీ పుస్తకంలో రాసుకోవడానికి ఏమీ లేదు. అదే "తాతా, ఇయ్యాల పొద్దున తాగిన నీళ్లు ఎక్కడియి?" అని అడగండి. "ప్లాంటు కాడికెళ్లి తెచ్చిండు మా పిల్లగాడు." "నల్లా రాలేదా?" "వచ్చింది. అవి బర్రెలకు, బోళ్లకు. తాగనీకె సప్పగుంటయి." ఇంకో ఇంట్లో ఇంకో మాట వినిపిస్తుంది. అభిప్రాయం అడగకుండా నిన్నా ఇవాళా జరిగింది అడిగితే మనుషులు నిజం చెబుతారు. వాళ్ల మాటను వాళ్లు అన్నట్టే రాసుకోండి, పుస్తక భాషలోకి మార్చకండి. ఊరు, తేదీ, సుమారు వయసు పక్కన వేసుకోండి. పేరు వేయడానికి వాళ్ల ఒప్పుకోలు కావాలి, లేకపోతే "ఒక రైతు" అంటే చాలు.

ఈ రెండు రోజుల్లో మీ ప్రశ్న కొంచెం మారుతుంది. మారాలి కూడా. నీళ్ల రుచి గురించి అడగబోయిన మీకు అసలు సంగతి నీళ్లు వదిలే వేళలో ఉందని తెలిస్తే ప్రశ్నను అటు తిప్పండి. ఎవరూ మాట్లాడకపోతే, మూడు ఇళ్లలోనూ ఒకే జవాబు వస్తే, కాగితం ఎక్కడా దొరక్కపోతే, గీత పెట్టుకున్న రెండో ప్రశ్నకు పోండి. మొదటి అంశం వదిలినందుకు బెంగ వద్దు, రెండు రోజులే పోయాయి.

ఆరో పని: అర పేజీ రాసి సారుకు చూపించండి

ఇక సారు దగ్గరికి గానీ, మేడం దగ్గరికి గానీ వెళ్లాలి. "సార్, ఫ్లోరైడ్ మీద రాస్తా" అని నోటితో చెబితే ఆయన "సరే రాయి" అంటారు. అర పేజీ కాగితం చేతికిస్తే ఆగి చదువుతారు. అందులో ఇలా ఉండాలి:

"నా ప్రశ్న: నల్లా నీళ్లు ఇంటికి వస్తున్నా మా వాడలో తాగడానికి ప్లాంటు నీళ్లు ఎందుకు కొంటున్నారు? ఇది ఎందుకు తీసుకున్నానంటే, మా ఇంట్లోనే నెలనెలా నీళ్లకు డబ్బు పోతోంది. నలభై ఇళ్లు అడుగుతాను, ప్లాంటు నడిపే మనిషినీ పంచాయతీ కార్యదర్శినీ కలుస్తాను. నీటి పరీక్ష ఫలితాలు పంచాయతీలో అడుగుతాను. ఇప్పటికి మూడు ఇళ్లు అడిగాను, మూడు కారణాలు వచ్చాయి. నాకు అనుమానంగా ఉన్నది: జనం చెప్పే కారణమూ, అసలు కారణమూ ఒకటేనా అని."

ఆ చివరి వాక్యం లాంటిది మీ కాగితంలో తప్పక ఉండాలి. మీకు ఎక్కడ అనుమానం ఉందో తెలిస్తేనే సారు సాయం చేయగలరు. ఆయన ప్రశ్నను ఇంకా తగ్గించమంటే తగ్గించండి. పెంచమంటే మాత్రం, ఉన్న రోజులు ఎన్నో చెప్పి, ఎందుకు సరిపోదో మర్యాదగా వివరించండి.

వచ్చేటప్పుడు హెడ్మాస్టర్ సంతకం, బడి ముద్ర ఉన్న ఒక ఉత్తరం అడిగి తీసుకోండి. ఫలానా తరగతి విద్యార్థి, ఫలానా అంశం మీద వ్యాసం రాస్తున్నారు, సమాచారం ఇచ్చి సహకరించగలరు అని రెండు వాక్యాలు చాలు. సీపీవో ఆఫీసులోనూ, గ్రంథాలయంలోనూ, పంచాయతీలోనూ ఆ ఉత్తరం చూపిస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. నాలుగు జిరాక్సులు తీసి నోట్‌బుక్ అట్టలో పెట్టుకోండి, ఒక్కో ఆఫీసులో ఒక్కోటి ఇచ్చి రావాల్సి వస్తుంది.